స్కాట్లాండ్ కారు ట్రిప్: నాన్న చేతికి ఏ పేపర్ మ్యాప్ ఇవ్వాలి?

మూసీ_ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జూన్‌లో పది రోజులు స్కాట్లాండ్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, అమ్మ, నాన్న. ఎడిన్‌బరోలో దిగి రైల్లో ఇన్వర్నెస్ చేరుకుని అక్కడ కారు తీసుకుంటాం. ఉత్తర తీరం చుట్టి వచ్చే ఎన్‌సీ500 దారిలో తిరిగి, మళ్ళీ ఇన్వర్నెస్‌లోనే కారు అప్పగిస్తాం. కుదిరితే మధ్యలో రెండు రోజులు స్కై దీవి.

వీసాలు, హోటళ్ళు అయిపోయాయి. మిగిలింది పేపర్ రోడ్ మ్యాప్. ఫోన్ ఉంటుంది కదా అంటారని తెలుసు. కానీ మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. పక్క సీట్లో కూర్చుని ఊరికే కిటికీలోంచి చూడమంటే ఆయనకు తోచదు. దారి చెప్పే పని మామయ్యకే ఇద్దాం అన్నాడు మా ఆయన. ఆ మాట విన్న రోజు నుంచి "మ్యాప్ వచ్చిందా?" అని రోజూ అడుగుతున్నారు.

ఆన్‌లైన్‌లో చూస్తే ఆర్డ్‌నెన్స్ సర్వే, మిషెలిన్, ఏఏ, కాలిన్స్, ఫిలిప్స్ అని ఎన్నో ఉన్నాయి. ఒకదాని మీద 1:50,000 అని, ఒకదాని మీద 1:250,000 అని, ఇంకోదాని మీద 1:400,000 అని రాసి ఉంది. ఏది దేనికో నాకు అర్థం కావడం లేదు. నాన్నకు 67 ఏళ్ళు. దగ్గరి చూపుకు అద్దాలు కావాలి. ఇంగ్లీష్ కూడబలుక్కుని చదువుతారు. ఆయన ఒళ్ళో పెట్టుకుని హాయిగా చూసుకునే మ్యాప్ ఏదో చెప్పండి.

మాదాపూర్_టెకీ
ఆదివారం, రాత్రి 9:40

అక్కా, నాన్నగారి ముచ్చట బాగుంది కానీ నా సలహా మాత్రం ఫోనే. హైలాండ్స్ మొత్తం ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. కారుకి మంచి ఫోన్ హోల్డర్, రెండు ఛార్జింగ్ కేబుళ్ళు, ఒక పవర్ బ్యాంక్ పెట్టుకుంటే చాలు. పేపర్ మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో మనమే వెతుక్కోవాలి. కొత్త దేశంలో, సన్న రోడ్డు మీద, ఆ టెన్షన్ ఎందుకు?

నెస్_తీరం
ఆదివారం, రాత్రి 11:05

మాది భీమవరం. ఇన్వర్నెస్‌కు వచ్చి తొమ్మిదేళ్ళయింది. టెకీ తమ్ముడు చెప్పినట్టు ఆఫ్‌లైన్ మ్యాప్ తప్పకుండా దింపుకోండి. అల్లపూల్ దాటి ఉత్తరానికి వెళ్ళాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ అది కావాలి.

కానీ ఈ ప్రాంతానికి పేపర్ మ్యాప్ ఎందుకు కావాలో చెప్తాను. ఇక్కడ పడమటి తీరంలో సముద్రం చేతివేళ్ళలా భూమిలోకి చొచ్చుకొస్తుంది. ఎదురుగా నీళ్ళకు అవతల ఊరు కనిపిస్తూనే ఉంటుంది, రోడ్డు మాత్రం ఆ నీళ్ళ చివరిదాకా వెళ్ళి చుట్టి రావాలి. ఫోన్ తెరమీద దగ్గరికి లాగి చూస్తే రోడ్డు కనిపిస్తుంది గానీ నీళ్ళ ఆకారం కనిపించదు. దూరం చేసి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి, సన్న రోడ్లు మాయమైపోతాయి. రెండూ ఒకేసారి కనిపించేది పరిచిన కాగితం మీదే. "ఈ పూట ఇటు పోదామా, అటు పోదామా" అని నలుగురూ కలిసి చూసి తేల్చుకోవాలంటే అదే కావాలి.

ఇంకో సంగతి. ఫోన్‌కి తెలిసింది ఏ దారిలో తొందరగా చేరతామన్నది. ఇక్కడికి వచ్చేవాళ్ళు తొందరగా చేరడానికి రారు. మిషెలిన్ మ్యాప్‌లో అందమైన రోడ్లకు పక్కన ఆకుపచ్చ అంచు గీస్తారు. ఆ అంచు పట్టుకుని పోతే చాలు, ఈ ప్రాంతంలో ఏ మలుపులోనూ నిరాశపడరు.

మీ ప్రశ్నకు నా జవాబు: మిషెలిన్ 501, స్కాట్లాండ్ మొత్తం ఒకే షీటు, 1:400,000. దానితోపాటు ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ రోడ్ మ్యాప్, 1:250,000. అందులో మొదటి నంబర్ షీటు ఉత్తర స్కాట్లాండ్, ఆర్క్నీ, షెట్లాండ్. రెండోది పశ్చిమ స్కాట్లాండ్, పశ్చిమ దీవులు. స్కై వెళ్ళేట్టయితే రెండో నంబరూ తీసుకోండి.

గొలుసుకొలత
సోమవారం, ఉదయం 6:20

అమ్మా, నేను సర్వేలో పనిచేసి రిటైరైన మనిషిని, ఉప్పల్‌లో ఉంటాను. స్కేలు అంటే ఏమిటో మీ నాన్నగారికి ఆయన తిరిగిన దారితోనే చెప్పండి, ఇట్టే పట్టేస్తారు.

హైదరాబాద్ నుంచి వరంగల్ సుమారు 145 కిలోమీటర్లు. 1:400,000 మ్యాప్‌లో ఒక సెంటీమీటరుకు 4 కిలోమీటర్లు, కాబట్టి ఆ రోడ్డు అందులో 36 సెంటీమీటర్లు వస్తుంది. ఒళ్ళో పట్టేస్తుంది. 1:250,000లో సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు, రోడ్డు 58 సెంటీమీటర్లు. ఒకసారి మడత మార్చాలి. 1:50,000లో సెంటీమీటరుకు అర కిలోమీటరు. వరంగల్ చేరేసరికి 2 మీటర్ల 90 సెంటీమీటర్ల కాగితం! అందులో చెరువు గట్టు, గుడి, కాలిబాట అన్నీ కనిపిస్తాయి, కానీ కారులో కూర్చున్నవాడికి అది పనికిరాదు. మాటిమాటికీ షీటు మార్చాలి.

ఆర్డ్‌నెన్స్ సర్వే గులాబీ అట్ట మ్యాపులు, ల్యాండ్‌రేంజర్ అంటారు, అవి ఈ 1:50,000వే. ఒక్కో షీటులో 40 కిలోమీటర్లకు 40 కిలోమీటర్ల చదరం. బ్రిటన్ మొత్తానికి 204 షీట్లు. నారింజ అట్టవి ఎక్స్‌ప్లోరర్, 1:25,000, నడిచేవాళ్ళకు. అందంగా ఉంటాయి కదా అని అవి కొనేసి తర్వాత బాధపడకండి. ఒక ఊళ్ళో రెండు మూడు రోజులు ఆగి కొండ ఎక్కే ఆలోచన ఉంటే మాత్రం ఆ ఒక్క చోటికి ఒక్క షీటు కొనుక్కోండి.

ఆర్డ్‌నెన్స్ సర్వే 1791లో మొదలైంది. మన సర్వే ఆఫ్ ఇండియా 1767 నాటిది, అంటే మనదే పెద్ద. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ దొర కొలత గొలుసు పరిచి, మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే బేస్‌లైన్ కొలిచిన తర్వాతే ఈ దేశం కొలతలకు ఒక లెక్క కుదిరింది. ఆ గొలుసు మీద ప్రేమతోనే ఈ పేరు పెట్టుకున్నాను. మీ నాన్నగారు మ్యాప్ అడుగుతున్నారని చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది.

డల్లాస్_బాబాయ్
సోమవారం, ఉదయం 7:55

అమ్మాయ్, స్కాట్లాండ్ నేను వెళ్ళలేదు. అమెరికాలో ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే రాండ్ మెక్‌నాలీ అట్లాసు ఒకటి కారులో పడేయమంటాను. చాలా రాష్ట్రాలు తమ రోడ్ మ్యాపును వెల్‌కమ్ సెంటర్లలో ఉచితంగా ఇస్తాయి, మా టెక్సాస్‌లో కూడా. నేషనల్ పార్కుల్లో గేటు దగ్గర ఇచ్చే మడత కాగితం చాలా బాగుంటుంది. డెత్ వ్యాలీ లాంటి చోట జీపీఎస్‌ని నమ్ముకోవద్దని పార్కువాళ్ళే హెచ్చరిస్తారు. మీ దారికి నెస్ తీరం చెప్పింది వినండి, అక్కడ ఉండేవాళ్ళ మాట వేరు.

పెన్నేటి_పిల్ల
సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను లీడ్స్‌లో ఉంటాను. రెండేళ్ళ క్రితం అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలతో ఇదే దారిలో వెళ్ళాం. మ్యాప్ గురించి నాకు బాగా బుద్ధొచ్చిన రెండు సంగతులు చెప్తాను.

మొదటిది బాణాలు. ఏటవాలు రోడ్ల మీద చిన్న బాణం గుర్తులు ఉంటాయి. మిషెలిన్‌లో బాణం మొన ఎక్కే వైపు చూపిస్తుంది. ఏఏ అట్లాసులో దిగే వైపు చూపిస్తుంది. నా దగ్గర రెండూ ఉన్నాయి. హోటల్లో మిషెలిన్ చూసి అర్థం చేసుకుని, కారులో అట్లాసు పట్టుకున్నాను. "ఇక అంతా దిగుడే" అని మా ఆయనకు ధైర్యం చెప్పాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా గోడలా ఎత్తు! ఏడుగురు కూర్చునే బండి నిండా మనుషులు, సామాను. ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ మూలుగుతుంటే వెనక అత్తయ్య గట్టిగా గోవిందనామాలు చదవడం మొదలుపెట్టారు. ఏమీ కాలేదు, పైకి చేరాం. కానీ తెలిసి ఎక్కడం వేరు, తెలియక ఎక్కడం వేరు. ఏ మ్యాప్ కొన్నా ముందు గుర్తుల పట్టిక చదవండి. చదివి, పెన్నుతో అట్ట మీద పెద్దగా రాసుకోండి: "బాణం = ఎక్కుడు" అనో, "బాణం = దిగుడు" అనో.

రెండోది రంగులు. ఏఏలోనూ ఆర్డ్‌నెన్స్ సర్వేలోనూ ఆకుపచ్చ రోడ్డు అంటే ముఖ్యమైన ప్రైమరీ రూటు, ఎరుపు మిగిలిన 'ఏ' తరగతి (A) రోడ్లు. మిషెలిన్‌లో పక్కన ఉండే ఆకుపచ్చ అంచు అందానికి గుర్తు. ఈ రెంటినీ కలిపేసుకుంటే అందమైన దారి అనుకుని లారీల మధ్య ఇరుక్కుంటారు.

ఎరుపు రంగు చూసి పెద్ద రోడ్డని కూడా అనుకోవద్దు. వాయవ్యంలో ఏ838 లాంటివి పేరుకు 'ఏ' రోడ్లే, చాలా దూరం ఒక్క కారు పట్టే వెడల్పే. ఎదురు బండికి తప్పుకోవడానికి అక్కడక్కడ పాసింగ్ ప్లేసులు ఉంటాయి. ఏఏ అట్లాసులో "పాసింగ్ ప్లేసులున్న సన్న రోడ్డు, స్కాట్లాండ్" అని విడిగా గుర్తు ఇస్తారు. ఆ గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ముందురోజు రాత్రే చూసుకుంటే మరునాటి టైము లెక్క తప్పదు. అలాంటి రోడ్డు మీద గంటకు 25 మైళ్ళు లెక్క వేసుకోండి. 60 వరకూ పోవచ్చని చట్టం ఒప్పుకున్నా సరే.

మూసీ_ఒడ్డు
సోమవారం, రాత్రి 8:48

అందరికీ ఎంతో థాంక్స్. గొలుసుకొలత గారూ, మీరు రాసిన వరంగల్ లెక్క నాన్నకు చదివి వినిపించాను. వెంటనే టేపు తీసుకుని హాల్లో గచ్చు మీద 36, 58, 290 సెంటీమీటర్లు చాక్‌పీస్‌తో గీశారు. 58 గీత మీద నిలబడి "ఇది చాలు" అన్నారు. 1:250,000 ఆయనకు నచ్చేసింది.

ఇంకో సందేహం. పుస్తకంలా ఉండే అట్లాసు మంచిదా, మడత మ్యాపా? నాన్నకు మడతలు మళ్ళీ పెట్టడం చిరాకు.

విశాఖ_బుల్లెట్
సోమవారం, రాత్రి 10:15

నేను బైక్ మీద తిరుగుతాను, స్కాట్లాండ్ కూడా అలాగే తిరిగాను. అట్లాసు కొని కావలసిన పేజీలు కోసేసి ట్యాంక్ బ్యాగ్ మీది ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నా. కోసిన పేజీలు తేలిక, వాన పడినా కవర్లో భద్రం. మీరూ హైలాండ్స్ పేజీలు మాత్రం కోసి ఒక క్లిప్‌బోర్డుకి పెట్టి నాన్నగారికి ఇవ్వండి. పుస్తకమంతా మోయడం దేనికి? లండన్ పేజీలు మీకు అక్కర్లేదు.

గొలుసుకొలత
మంగళవారం, ఉదయం 5:55

బుల్లెట్ బాబూ, మీ అవసరం నాకు అర్థమైంది. అయినా మ్యాపును కోయమని ఇంకొకరికి చెప్పొద్దు. పేజీ అంచు దగ్గర రోడ్డు ఎటు పోతుందో పక్క పేజీతో కలిపి చూస్తేనే తెలుస్తుంది. కోసిన ముక్కకు పొరుగు ఉండదు. ఉత్తర దిక్కు, స్కేలు పట్టీ, గుర్తుల పట్టిక అన్నీ వేరే పేజీలో ఉండిపోతాయి.

అమ్మా, అట్లాసు కొంటే స్పైరల్ బైండింగ్ ఉన్నదే కొనండి. అది ఒళ్ళో బల్లపరుపుగా పడుంటుంది. జిగురు బైండింగ్ అయితే మధ్య ఇరుకులో ఒక వేలెడు రోడ్డు మాయమైపోతుంది. ఖచ్చితంగా అక్కడే మీకు కావలసిన మలుపు ఉంటుంది.

విశాఖ_బుల్లెట్
మంగళవారం, ఉదయం 9:30

నిజమే సార్. నాకు సరిగ్గా కైల్‌స్క్యూ దగ్గర పేజీ అయిపోయింది. పక్క పేజీ ఇంట్లో ఉంది. ఒప్పుకుంటున్నా.

నెస్_తీరం
మంగళవారం, సాయంత్రం 6:40

మడతల చిరాకుకు ఒక ఉపాయం. మ్యాపును మొత్తం విప్పొద్దు. ఆ రోజు వెళ్ళే భాగం బయటికి వచ్చేలా రాత్రే మడిచి, పైనా కిందా రెండు బట్టల క్లిప్పులు పెట్టేయండి. ఒళ్ళో ఒక పుస్తకమంత అవుతుంది. పగలంతా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

దూరాల గురించి కూడా చెప్పాలి. ఇక్కడ బోర్డులన్నీ మైళ్ళలోనే. ఇన్వర్నెస్ నుంచి అల్లపూల్ 57 అని చూసి నాన్నగారు 57 కిలోమీటర్లు అనుకోకూడదు, దాదాపు 92. ఐదు మైళ్ళకు ఎనిమిది కిలోమీటర్లు అని గుర్తుంచుకుంటే చాలు. మనలాగే ఎడమ వైపు నడపడమే కాబట్టి ఆ బెంగ లేదు.

పెట్రోల్ బంకులు మ్యాప్ మీద మీరే గుర్తు పెట్టుకోండి. అల్లపూల్, లోఖిన్వర్, డర్నెస్, థర్సో. ఆపిల్‌క్రాస్‌లో ఊరివాళ్ళే కలిసి నడిపే బంకు ఒకటుంది. సగం ట్యాంకు ఉన్నా బంకు కనిపిస్తే నింపేయడం ఇక్కడివాళ్ళ అలవాటు.

పెన్నేటి_పిల్ల
మంగళవారం, రాత్రి 9:02

కొనేముందు ముద్రణ సంవత్సరం చూడండి! మేం మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పాత సామాన్ల షాపులో చవగ్గా దొరికిందని అట్లాసు కొన్నాం. అట్ట నిగనిగలాడుతోంది, లోపల సంవత్సరం చూసుకోలేదు. స్కై దీవికి ఎదురుగా ఉన్న కైల్ ఊరి దగ్గరికి చేరుకుంటూ "ఇక్కడ కారును ఫెర్రీ ఎక్కించాలి, టైమింగ్స్ కనుక్కోవాలి" అని నేను కంగారు పడుతుంటే ఎదురుగా ఇంత పెద్ద వంతెన. స్కై వంతెన 1995లో వచ్చింది. నా అట్లాసు అంతకుముందుది.

గొలుసుకొలత
బుధవారం, ఉదయం 6:10

చక్కటి ఉదాహరణ ఇచ్చారు. పాత మ్యాపును పట్టుకోవడానికి వంతెనలే సాక్షులు. కైల్‌స్క్యూ వంతెన 1984, స్కై వంతెన 1995, ఎడిన్‌బరో పక్కన క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్ 2017. ఎడిన్‌బరోకు పడమర ఫోర్త్ నీళ్ళ మీద రైలు వంతెన కాకుండా పక్కపక్కనే రెండు రోడ్డు వంతెనలు కనిపిస్తే మ్యాప్ 2017 తర్వాతది. షాపులో అర నిమిషంలో తేలిపోతుంది.

మాదాపూర్_టెకీ
బుధవారం, మధ్యాహ్నం 1:20

అక్కా, నా మొదటి పోస్ట్ కొంచెం మార్చుకుంటున్నా. ఇంటికెళ్ళాక ఆఫ్‌లైన్ మ్యాప్ తెరిచి, గూగుల్ చెప్పిన తొందర దారి, నెస్ తీరం అన్న చెప్పిన తీరం దారి పక్కపక్కన పెట్టి చూశా. లోఖిన్వర్ నుంచి కైల్‌స్క్యూకి తీరం వెంట బి869 అనే చిన్న రోడ్డు ఉంది, అది నాకు ఫోన్‌లో చాలా దగ్గరికి లాగితే గానీ కనిపించలేదు. రెండూ తీసుకెళ్ళండి. ఎక్కడున్నామో ఫోన్ చెప్తుంది, ఎటు వెళ్ళాలో నాన్నగారు చెప్తారు. ల్యాండ్‌రేంజర్, ఎక్స్‌ప్లోరర్ షీటు ఏదైనా కొంటే లోపల ఒక కోడ్ ఇస్తారు. దానితో అదే షీటు ఫోన్‌లోకి కూడా దింపుకోవచ్చు.

నెస్_తీరం
బుధవారం, సాయంత్రం 7:15

బి869 అందమైనదే తమ్ముడూ, కానీ బాగా సన్నం, మలుపులు, ఎత్తుపల్లాలు. పెద్ద వ్యాన్లకు పనికిరాదు. మామూలు కారు, ఓపిక, పగటి వెలుగు ఉంటే వెళ్ళొచ్చు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగు ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు.

పేర్ల గురించి ఒక మాట. ఇక్కడ బోర్డుల మీద ఇంగ్లీష్ పేరుతోపాటు గేలిక్ పేరు కూడా ఉంటుంది. ఇన్వర్నెస్ కింద ఇన్విర్ నిష్, నెస్ నది సముద్రంలో కలిసే చోటు అని అర్థం. నాన్నగారు బోర్డు మీద రెండు పేర్లు చూసి రెండు ఊళ్ళు అనుకోకుండా ముందే చెప్పండి. ఇక్కడ సరస్సును, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రాన్ని "లోఖ్" అంటారు, దాన్ని "లాక్" అనొద్దు. హైదరాబాద్ వాళ్ళకు ఇది చాలా తేలిక, "ఖబర్"లో ఉర్దూ ఖ ఎలా పలుకుతారో సరిగ్గా అదే. భీమవరం నాలుకకు పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది.

ఆపిల్‌క్రాస్ వెళ్ళే కనుమ పేరు బ్యాలఖ్ న బా. "పశువుల కనుమ" అని అర్థం. 626 మీటర్ల ఎత్తు, సముద్రమట్టం నుంచి మొదలై ఎక్కుతుంది. కింద బోర్డు ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు, పెద్ద బండ్లు రావొద్దని. వాతావరణం బాగాలేకపోతే షీల్డేగ్ వైపు నుంచి తీరం రోడ్డు ఉంది. ఆ ఊరికి ఆ రెండే దారులు. మ్యాప్‌లో రెండూ చూపించి నాన్నగారిని నిర్ణయించనివ్వండి.

మూసీ_ఒడ్డు
శనివారం, ఉదయం 11:00

మ్యాపులు వచ్చేశాయి. మిషెలిన్ 501, ఆర్డ్‌నెన్స్ సర్వే రోడ్ ఒకటి, రెండు. అట్లాసు వద్దనుకున్నాం, నాన్నకు బరువు. మిషెలిన్‌లో అక్షరాలు ఆయనకు చిన్నవయ్యాయి. అది నేను వెనక సీట్లో పెట్టుకుంటాను, మొత్తం చూడ్డానికి. నాన్నకు 1:250,000 హాయిగా ఉంది. ఒక గీతల భూతద్దం కూడా కొన్నాం, పలకలా ఉంటుంది, పేజీ మీద పెట్టుకోవచ్చు.

నిన్న రాత్రి భోజనం చేశాక పదకొండు దాకా దాని మీదే ఉన్నారు. పెన్సిల్ చెక్కుకుని, నేను ఒక్కో పేరు చదువుతుంటే పక్కన తెలుగులో రాసుకున్నారు. "అల్లపూల్", "లోఖిన్వర్", "డర్నెస్". కనుమ దగ్గర "బ్యాలఖ్ న బా, పశువుల కనుమ" అని రాసి, కింద గీత గీశారు. అక్షరాలు ఆయన డ్యూటీ పుస్తకంలో రాసినట్టే, గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా. అమ్మ చూసి "మళ్ళీ డ్యూటీ ఎక్కావా" అంది.

గొలుసుకొలత
శనివారం, ఉదయం 11:25

అమ్మా, పెన్సిలే వాడమనండి, పెన్ను వద్దు. దారి మారినప్పుడు చెరిపి రాసుకోవచ్చు. పెన్సిల్ హెచ్‌బీ అయితే కాగితం మీద గాటు పడదు.

మూసీ_ఒడ్డు
జూలై మొదటివారం, రాత్రి 10:30

నమస్కారం. నెల దాటింది. తిరిగొచ్చాం, అందరం క్షేమం. మీ అందరి వల్ల బాగా జరిగిన ట్రిప్ కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కనుమ రోజు గురించి ముందు చెప్పాలి. లోఖ్ కారన్‌లో రాత్రి ఆగాం. నాన్న ముందురోజే తేల్చేశారు: కనుమ మీదుగా ఎక్కి ఆపిల్‌క్రాస్‌లో దిగాలి, తీరం రోడ్డు మీద షీల్డేగ్ వైపు బయటపడాలి. "ఆ మెలికల మలుపులు ఎక్కడం పర్లేదు, దిగడం అలవాటు లేనివాడికి బ్రేకుల మీదే ధ్యాస ఉంటుంది" అన్నారు. మ్యాప్ మీద మెలికలు తూర్పు వైపే ఎక్కువున్నాయని వేలితో చూపించారు. పొద్దున మబ్బు ఉంటే తీరం దారే అని కూడా చెప్పారు. పొద్దున తెరిపి ఇచ్చింది, వెళ్ళాం.

సగం ఎక్కాక పైనుంచి ఒక కారు వస్తోంది. మా ఆయన ఆగిపోయి వెనక్కి తీయబోయాడు. నాన్న "ఆగు, ఎక్కేవాడికే దారి, వాడే జరుగుతాడు" అన్నారు. శ్రీశైలం ఘాట్‌లో ముప్ఫై ఏళ్ళు పాటించిన నియమం. నిజంగానే ఆ కారాయన వెనక్కి తీసి పాసింగ్ ప్లేసులో ఆగాడు. తర్వాత నెట్‌లో చూస్తే అక్కడి హైవే కోడ్‌లోనూ అదే ఉంది, ఎక్కే బండికి వీలైనంత వరకు దారి ఇవ్వాలని. నాన్న ఆయనకు చెయ్యెత్తి మొక్కినట్టు చూపించారు, ఆయన రెండు వేళ్ళు స్టీరింగ్ మీద నుంచి లేపాడు. ఆ తర్వాత ట్రిప్ అయిపోయేదాకా ఎదురొచ్చిన ప్రతి కారుకూ నాన్న రెండు వేళ్ళు లేపారు.

పైన గాలికి మ్యాప్ ఎగిరిపోబోయింది, క్లిప్పులే కాపాడాయి. నెస్ తీరం గారికి థాంక్స్. అక్కడ నిలబడి నాన్న మ్యాప్‌ను ఉత్తరానికి తిప్పుకుని, ఎదురుగా కనిపించేది రాసే దీవి, దాని వెనక స్కై అని అమ్మకు చెప్పారు. అమ్మ మ్యాప్ చూడలేదు, నాన్న ముఖమే చూస్తోంది.

ఫోన్ రెండుచోట్ల బాగా పనికొచ్చింది, ఇన్వర్నెస్ ఊళ్ళోనూ థర్సోలో హోటల్ వెతకడానికీ. మైళ్ళ లెక్కలో ఒకరోజు తప్పు చేశాం, మధ్యాహ్నం భోజనానికి డర్నెస్ చేరతాం అనుకుంటే నాలుగయింది. పెన్నేటి పిల్ల గారు చెప్పిన 25 మైళ్ళ లెక్క ఆ ఒక్కరోజూ మర్చిపోయాం.

కృష్ణాతీరం_కొత్త
జూలై మొదటివారం, రాత్రి 11:10

మేం సెప్టెంబర్‌లో ఇదే దారిలో వెళ్తున్నాం అక్కా. ఒకటే మ్యాప్ కొనాలంటే ఏది? నాన్నగారిని అడిగి చెప్పగలరా? ఆయన పెన్సిల్‌తో రాసుకున్న మ్యాప్ ఫోటో పెడితే మాకు చాలా ఉపయోగం.

మూసీ_ఒడ్డు
మరుసటి రోజు, ఉదయం 8:05

అడిగాను. నాన్న చెప్తుంటే టైప్ చేస్తున్నాను:

"ఒకటే అయితే రెండున్నర కిలోమీటర్లది కొనమను. ఉత్తరం షీటు. ఫోటో పెట్టు, కానీ నా లెక్కలు వాళ్ళు గుడ్డిగా నమ్మొద్దని చెప్పు. సెప్టెంబర్‌లో పొద్దు తొందరగా గుంకుతుంది, మనం ఆగిన ఊళ్ళకు వాళ్ళు చేరలేరు. రోజుకు ముప్ఫై మైళ్ళు తగ్గించుకోమను. ఏ ఊరి పేరు ఎలా పలకాలో తెలియకపోతే ఫోన్ చెయ్యమను."